మొదటి బల్బు కరెంటు తింటదా టీచర్?

“టీచర్, గీ నల్ల డబ్బా ఏంది? గిది సుత పరీక్షల అస్తదా?”

కొత్త పుస్తకాలు పంచిన రోజు ఓ పిల్ల, పాఠం పక్కనున్న క్యూఆర్ కోడ్ మీద వేలు పెట్టి ఇలా అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అందులో నవ్వాల్సింది ఏమీ లేదనిపించింది. పుస్తకంలో అచ్చేశారంటే పనికొచ్చేదే అయ్యుంటుందని ఆ పిల్ల లెక్క. మరి ఆ డబ్బాను నేనెన్నిసార్లు తెరిచి చూశాను?

మాది హన్మకొండలోని సుబేదారి. నిజాం కాలంలో వరంగల్ సుబాకు పెద్ద అయిన సుబేదారు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. 1927లో మొదలైన ఆర్ట్స్ కాలేజీ మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఓ సర్కారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. బడికి బస్సులో ముప్పావు గంట. సాయంత్రం ఇంటికొచ్చి, పనులన్నీ తెమిలాక రేపటి పాఠం ముందేసుకుంటా. ఇరవై ఏళ్ల కిందైతే నా ముందు ఉండేవి పాఠ్యపుస్తకం, చేతిరాత నోట్సు, పాత ప్రశ్నపత్రాలు. ఇప్పుడు ఫోన్ తీస్తే చాలు, ఒక్క పాఠానికి వందల వీడియోలు. అప్పుడు దొరక్క తిప్పలు, ఇప్పుడు ఎక్కువ దొరికి తిప్పలు.

ఈ ఎక్కువలోంచి ఏది తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి, క్లాసులో ఏం చేయాలి అన్నది నేను నేర్చుకున్నది శిక్షణ తరగతుల్లో కంటే మా గల్లీలోని ఓ మెకానిక్ షెడ్డులోనే ఎక్కువ. ఆ సంగతికి వస్తాను. ముందు డబ్బా సంగతి.

డబ్బా కాదు, చిరునామా

మన పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లో వీడియో ఏమీ దాగి ఉండదు. అదొక చిరునామా, అంతే. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు ఉన్న చోటికి తీసుకెళ్తుంది. ఆ చోటి పేరు దీక్ష. 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం రోజున, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీన్ని ప్రారంభించారు. మొదట్లో స్టాఫ్‌రూమ్‌లో “మేడం దీక్షల ఉన్నరు, చాయ్ తాగరు” అని జోకులు పేలేవి. ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తయారుచేసిన సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఇది నడుస్తుంది. ఒకే వేదిక మీద రాష్ట్రాలు తమ తమ పుస్తకాలకు, తమ భాషల్లో పాఠాలు పెట్టుకోవచ్చు.

చాలామంది గమనించని రెండు సంగతులున్నాయి. ఆ కోడ్ కింద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన ఓ చిన్న సంకేతం ఉంటుంది. కెమెరా పాడైనా, అచ్చు చెదిరిపోయినా ఆ ఆరింటిని టైపు చేస్తే చాలు. ఇక రెండోది, యాప్‌లో పాఠాన్ని ముందే దించుకుంటే తర్వాత నెట్ లేకున్నా చూడొచ్చు. మా బడిలో సిగ్నల్ వానాకాలం కరెంటు లాంటిది. వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకుని తీసుకెళ్లడం అలవాటు చేసుకున్నా.

ఆ పిల్లకు సమాధానం చెప్పిన రోజు, ఆమె చేతికే ఫోన్ ఇచ్చి స్కాన్ చేయించా. పాఠం తెరుచుకోగానే క్లాసంతా బల్ల చుట్టూ మూగింది. ఆ ఉత్సాహం చూసి మురిసిపోయా. పది నిమిషాల వీడియో మొత్తం వేశా. అయిపోయాక “ఏం అర్థమైంది?” అని అడిగితే అందరూ ఒకే మాట: “మంచిగుంది టీచర్.”

మంచిగుండటం వేరు, అర్థం కావడం వేరు. ఈ తేడా నాకు అంతకుముందే తెలిసుండాల్సింది. ఎందుకంటే అలాంటి పొరపాటు నేను అప్పటికే ఒకసారి చేశాను. అదేం చిన్నది కాదు.

రిజిస్టరులో ఓ టిక్కు

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆగస్టు 27 నుంచి టీచర్లం బడికి వెళ్లడం మొదలుపెట్టాం. సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా పిల్లలకు టీవీలో పాఠాలు. దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో వచ్చేవి. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీగా ఉన్నదే తెలంగాణలో టీశాట్ అయింది. విద్య, నిపుణ అని దానికి రెండు ఛానళ్లు. పాఠాలు యూట్యూబ్‌లోనూ ఉండేవి. ఇంత తక్కువ వ్యవధిలో అన్ని తరగతులకు, అన్ని సబ్జెక్టులకు పాఠాలు చిత్రీకరించడం మాటలు కాదు. ఆ పాఠాలు చెప్పిన టీచర్ల కష్టం నాకు తెలుసు.

బడిలో మా పని పిల్లలకు ఫోన్ చేసి ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని రాసుకోవడం. నాకు అప్పగించిన పిల్లల్లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ల నాన్న ఏనుమాముల మార్కెట్లో హమాలీ. ఇంటికంతా ఆయన ఫోన్ ఒక్కటే. రాత్రి ఎనిమిదింటికి ఎత్తేవాడు. “బాబు పాఠం చూసిండా అన్నా?” అంటే “చూసిండు మేడం” అనేవాడు. పొద్దంతా మూటలు మోసి వచ్చిన మనిషికి కొడుకు ఏం చూశాడో ఎలా తెలుస్తుంది? నాకూ అది తెలుసు. అయినా “చూశాడు” గడిలో టిక్కు పెట్టేదాన్ని. నెల తిరిగేసరికి ఫోన్ చేయకుండానే టిక్కు పెట్టడం అలవాటైంది. ఎవరూ పెట్టమనలేదు. పెట్టింది నేనే.

బడి మళ్లీ తెరిచాక ఆ అబ్బాయి రాలేదు. ఇంటికి వెళ్తే తాళం. అడ్డా మారిందన్నారు. కొన్నాళ్లకు రిజిస్టరులో పేరు కూడా పోయింది. పాఠాలు చూసినట్టు మాత్రం అందులో టిక్కులు వరుసగా ఉన్నాయి.

రెండు బల్బుల పంచాయితీ

పోయినేడు పదో తరగతికి విద్యుత్ ప్రవాహం పాఠం మొదలుపెట్టా. ఓమ్ నియమం, శ్రేణి సంధానం, సమాంతర సంధానం. సూత్రాలు బట్టీపట్టి లెక్కలు చేసే పిల్లలు ఉంటారు. కానీ వైరులో ఏం జరుగుతుందో అడిగితే నోళ్లు తెరుస్తారు. ఈసారి వీడియోతో మొదలు పెట్టొద్దనుకున్నా.

బోర్డు మీద ఓ బ్యాటరీ, దానికి వరుసగా రెండు ఒకే రకం బల్బులు గీశా. “ఏ బల్బు ఎక్కువ వెలుగుతది?” అని అడిగి, చేతులెత్తమన్నా. క్లాసులో సగానికి పైగా మొదటి బల్బుకే ఓటేశారు. ఎందుకని అడిగితే ఓ పిలగాడు లేచి చెప్పాడు: “కరెంటు ముందుగాల మొదటి బల్బు కాడికి పోతది కద టీచర్. అది తినంగ మిగిలింది రెండోదానికి అస్తది.”

ఎంత చక్కని తప్పు! నల్లా నీళ్లు చూసిన పిల్లలకు అలాగే తోస్తుంది మరి. మా వాడలో మొదటి ఇంట్లో మోటారు వేస్తే చివరి ఇంటికి బిందె నిండదు.

అప్పుడు తెరిచా ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో దీన్ని మొదలుపెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు. ఇందులో ఉండేవి వీడియోలు కావు. పిల్లలు వేలితో లాగి, కలిపి, మార్చి చూసే బొమ్మల ప్రయోగశాలలు. వాటిల్లో కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. సర్క్యూట్లు కట్టే బొమ్మను ముందురోజే కంప్యూటర్‌లోకి దించుకున్నా కాబట్టి నెట్‌తో పనిపడలేదు.

ఓటేసిన పిల్లాడినే పిలిచి, క్లాసులోని పెద్ద డిజిటల్ బోర్డు మీద బ్యాటరీ, రెండు బల్బులు కలపమన్నా. కలిపాడు. రెండూ సమానంగా వెలిగాయి. క్లాసు నిశ్శబ్దం. వాడు బోర్డు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి అన్నాడు:

“ఇది కంప్యూటర్ల కద టీచర్. వాళ్లు ఎట్ల చేస్తే అట్ల కనవడ్తది. నిజంగ గట్లనే ఉంటదా?”

ఇరవై ఏళ్ల సర్వీసులో నన్ను అంత సంతోషపెట్టిన ప్రశ్న ఇంకోటి లేదు. తెర మీద కనిపించిన ప్రతిదీ నమ్మే కాలంలో ఓ పిల్లాడు రుజువు అడుగుతున్నాడు. “రేపు నిజం బల్బులతో చూద్దాం” అని మాటిచ్చా. ల్యాబ్ బీరువా తెరిస్తే ఉన్న టార్చి బల్బులన్నీ మాడిపోయి ఉన్నాయి.

మెకానిక్ షెడ్డులో

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి వస్తూ, మా గల్లీ చివర బైక్ మెకానిక్ షెడ్డు దగ్గర ఆగా. “పాత బల్బులు, ఓ బ్యాటరీ దొరుకుతయా? ఒక్కరోజు కోసం” అని అడిగా. లోపల బండి కింద కూర్చున్న కుర్రాడు తలెత్తాడు. చేతులకు, చెంపకు గ్రీజు. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు.

“నమస్తే టీచర్.”

ఎనిమిదో తరగతి అబ్బాయి. టిక్కుల అబ్బాయి. మీసాలు వచ్చాయి.

రెండు మూడు మాటలయ్యాక బల్బులు దేనికని అడిగాడు. చెప్పా. వెంటనే వాడు, “మొదటిది తినుడేంది టీచర్, ఒకే తీరు బల్బులైతే రెండూ ఒకే తీరు ఎలుగుతయి. కని మబ్బుగ ఎలుగుతయి” అన్నాడు. ఎలా తెలుసంటే ఇండికేటర్ వైరింగ్ చేస్తూ తెలుసుకున్నాడట. ఎవరు నేర్పారంటే నవ్వి, జేబులోంచి ఫోన్ తీశాడు. “యూట్యూబ్ల చూసిన. సూసుకుంట చేసిన. తప్పు చేస్తే ఉస్తాద్ నెత్తి మీద ఒక్కటిస్తడు.”

పక్కన స్పానర్ తుడుస్తున్న ఉస్తాద్, “గట్ల కొట్టకపోతే బండ్లు కాలవెడ్తడు మేడం” అన్నాడు.

ఇంటికి నడుస్తూ అదే ఆలోచన. బడి వీడియోలు చూశాడని నేను అబద్ధం రాసిన పిల్లాడు వీడియోలు చూసే వైరింగ్ నేర్చుకున్నాడు. తేడా ఎక్కడుంది? వాడి చేతిలో వైరుంది. చూసింది వెంటనే చేసి చూసుకునే పని ఉంది. తప్పు చేస్తే అప్పటికప్పుడు చెప్పే ఉస్తాద్ పక్కనే ఉన్నాడు. ఆ సెప్టెంబరులో మేం వాడికి వీడియో ఒక్కటే పంపాం. అది కూడా చేరలేదు.

తక్కువ వాట్ల బల్బు గెలిచింది

మర్నాడు ఉస్తాద్ ఓ గంట సెలవిస్తే వాడే బ్యాటరీ పట్టుకుని బడికొచ్చాడు. పన్నెండు వోల్టుల బండి బ్యాటరీ. వైరుకు వైరు తగిలితే ప్రమాదమని మధ్యలో ఓ ఫ్యూజు పెట్టాడు. ఆ జాగ్రత్త నాకు తట్టలేదు.

ముందు ఒకే డబ్బాలోని రెండు ఇండికేటర్ బల్బులు వరుసగా కలిపాడు. రెండూ సమానంగా, ఎర్రగా, మబ్బుగా వెలిగాయి. రుజువు అడిగిన పిలగాడు తల గీక్కున్నాడు. అంతలో ఓ అమ్మాయి, “వేరే బల్బు పెట్టు అన్నా” అంది. వాడు ఓ బల్బు తీసి బ్రేక్ లైటు బల్బు పెట్టాడు. పది వాట్లది ఒకటి, ఇరవై ఒక్క వాట్లది ఒకటి. పది వాట్లదే బాగా వెలిగింది. ఇరవై ఒక్క వాట్లది కళ్లు చికిలిస్తే గానీ కనపడలేదు.

“ఎక్కువ వాట్లదే మబ్బుగున్నదేంది టీచర్?”

“చూసినవా, మొదటి బల్బే తింటుంది!” అన్నాడు ఇంకొకడు, ఇదే సందని. రెండింటి చోట్లు మార్పించా. అయినా పది వాట్లదే ఎక్కువ వెలిగింది. అంటే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కాదు సంగతి. మరేంటి? మళ్లీ డిజిటల్ బోర్డు దగ్గరికి వెళ్లాం. బొమ్మలో బల్బు నిరోధం మార్చుకోవచ్చు. ఓ బల్బు నిరోధం పెంచుతూ పోయారు. పెంచిన బల్బే ఎక్కువ వెలిగింది. శ్రేణిలో కరెంటు రెండింటిలోనూ ఒకటే. నిరోధం ఎక్కువున్న దాని దగ్గరే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఒకే వోల్టేజీకి చేసిన బల్బుల్లో తక్కువ వాట్లదానికే నిరోధం ఎక్కువ. ఈ మూడు ముక్కలూ పిల్లలే ఒకరి మాటలోంచి ఒకరు అందుకుని చెప్పారు. నేను సుద్దముక్క పట్టుకుని రాసుకుంటూ పోయా.

బల్బులొక్కటే ఉంటే పిల్లలు వింత చూసి ఊరుకునేవాళ్లు. బొమ్మొక్కటే ఉంటే నమ్మేవాళ్లు కాదు. రెండూ అటూ ఇటూ తిరిగితేనే పాఠం నిలబడింది.

తెలుగులో ఏముంది?

ఇంత మేలు భౌతికశాస్త్రానికేనా అంటే కాదు. మా లెక్కల సార్ జియోజిబ్రా లేకుండా జ్యామితి చెప్పడు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. త్రిభుజం మూలను వేలితో లాగి ఎలా సాగదీసినా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు దాటదని పిల్లలు కళ్లారా చూస్తారు. సార్ అక్కడితో ఆపడు. కాగితం త్రిభుజం కత్తిరించి మూడు మూలలు చింపి, పక్కపక్కన పెట్టిస్తాడు.

తెలుగు టీచర్లకు, ప్రైమరీ టీచర్లకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ ఓ బంగారు గని. 2015లో మొదలైంది. పిల్లల స్థాయిని బట్టి బొమ్మల కథలు తెలుగులో దొరుకుతాయి. దించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, మనమే అనువాదం కూడా చేయొచ్చు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల గురించి, కోటల గురించి, కవుల గురించి బోలెడంత ఉంది. తప్పు కనిపిస్తే దిద్దే హక్కూ మనకుంది.

అయినా సైన్స్ విషయంలో ఇంకా చాలావరకు ఇంగ్లిషే. 2022-23లో మన సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు ఓ పేజీ తెలుగు, ఓ పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఎదురెదురుగా రెండు భాషలుండటం పిల్లలకు నిజంగా ఆసరా. ఆన్‌లైన్‌లో అలాంటి ఆసరా తక్కువ. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2011 నుంచే తెలుగుంది, పని జరుగుతుంది. కానీ ఏ అనువాద యంత్రంతోనైనా సైన్స్ మాటల దగ్గర కాపలా ఉండాల్సిందే. బ్యాటరీలోని సెల్ జీవశాస్త్రంలోని కణమైపోతే పిల్లాడి గతేంటి? అందుకే తెర మీద ఇంగ్లిష్ మాట వచ్చినప్పుడల్లా బోర్డు మీద మూడు మాటలు పక్కపక్కన రాస్తా. పుస్తకం మాట, ఇంగ్లిష్ మాట, ఇంట్లో వాడే మాట. విద్యుత్ ప్రవాహం, ఎలక్ట్రిక్ కరెంట్, కరెంటు.

ఇంకో చిన్న విషయం. మన టీచర్లు తయారుచేసిన మంచి ప్రశ్నపత్రాలు, నోట్సులు ఎన్నో పాత ఫాంట్లలో టైపు చేసి ఉన్నాయి. ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే ఏవో పిచ్చి గీతలు. వెతికితే దొరకవు కూడా. యూనికోడ్‌లో టైపు చేసింది ఏ ఫోన్‌లోనైనా చదవొచ్చు, వెతుక్కోవచ్చు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే చాలు, చేసేది యూనికోడే. మనం ఇవాళ రాసింది రేపు ఆదిలాబాద్‌లో ఓ టీచర్‌కు దొరకాలంటే ఇదొక్కటే దారి.

కొత్త ఉస్తాద్

ఇప్పుడు అందరి నోటా ఏఐ. నేనూ వాడుతున్నా. పాఠం పేరు చెప్పి తెలుగులో పది ప్రశ్నలు అడిగితే నిమిషంలో ఇస్తుంది. ఓసారి అలా ఇచ్చిన పదింటిలో ఒకదానికి జవాబు తప్పు. తప్పును ఎంత ధీమాగా చెప్పిందంటే నేనే ఓసారి పుస్తకం తిరగేశా. అప్పటినుంచి ఓ పని చేస్తున్నా. దానిచ్చిన ప్రశ్నలు పిల్లలకిచ్చి, “ఇందులో ఒకటి తప్పుండొచ్చు, పట్టుకోండి” అంటా. జవాబులు రాయమంటే ఆవులించే పిల్లలు తప్పు పట్టమంటే కళ్లింతలు చేసుకుంటారు.

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవాటికీ ఇదే కొలత. ఎవరు చేశారో తెలియని వీడియో, మొత్తం చూడకుండా క్లాసులోకి తీసుకెళ్లను. పిల్లల ముఖాలు, పేర్లు, మార్కులు ఏ యాప్‌లోనూ, ఏ గ్రూపులోనూ పెట్టను. పెట్టినది వెనక్కి రాదు.

నా పద్ధతి ఇది

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అడుగుతుంటారు, “మేడం, మంచి యాప్ ఏదైనా చెప్పండి” అని. యాప్ కంటే ముందు ఈ ఆరు చెప్తా.

1. ముందు ప్రశ్న, తర్వాత తెర. పిల్లలు ఏమనుకుంటున్నారో చెప్పించాకే వీడియో గానీ, బొమ్మ గానీ తెరవాలి. పందెం కాసినవాడే ఫలితం కోసం చూస్తాడు.

2. మూడు నాలుగు నిమిషాలు చాలు. పెద్ద వీడియో అయితే కావాల్సిన ముక్క ఎక్కడుందో ముందే రాసి పెట్టుకోవాలి. మధ్యలో ఆపి “ఇప్పుడేం జరుగుతది?” అని అడగాలి.

3. నెట్‌ను నమ్మొద్దు. ముందురోజే దించుకోవాలి. అదీ పనిచేయకపోతే సుద్దముక్కతో చెప్పేలా సిద్ధంగా ఉండాలి.

4. తెర మీద చూసినదాన్ని చేత్తో చేయించాలి. బల్బు, కాగితం, గింజలు, నీళ్లు, ఏదైనా సరే.

5. బోర్డు దగ్గరికి రోజూ ఒకరే రాకూడదు. ఇంట్లో ఫోన్ లేని పిల్లలకే మొదటి అవకాశం ఇవ్వాలి. తెలిసినవాళ్లు ఎలాగూ ఇంట్లో చూసుకుంటారు.

6. చూశారా అని అడగొద్దు. ఏం చూశారో చెప్పించుకోవాలి. టిక్కు అప్పుడే పెట్టాలి.

ఆరోదానికి నేను కట్టిన మూల్యం మీకిప్పుడు తెలుసు.

ఆదివారం సాయంత్రం

బల్బులు చూపించిన రోజు, క్లాసు అయ్యాక ఆ అబ్బాయి బ్యాటరీ సర్దుకుంటూ బల్ల మీదున్న పదో తరగతి పుస్తకం తిరగేశాడు. పాఠం పక్కనున్న నల్ల డబ్బా చూశాడు. వాడికి నేర్పాల్సిన పని లేదు. ఫోన్ తీసి స్కాన్ చేశాడు. తెరుచుకుంది. కాసేపు చూసి అడిగాడు:

“ఇవి ముందుగాల సుత ఉండెనా టీచర్? నేను ఎనిమిదిల ఉన్నప్పుడు?”

“ఉండె.”

“మరి నాకెవ్వరు చెప్పలే.”

నింద వేస్తున్నట్టు లేదు వాడి గొంతులో. ఊరికే అన్నాడు. అప్పుడు చెప్పా, రిజిస్టరు సంగతి. రోజూ నువ్వు పాఠం చూసినట్టు నేనే రాశానురా బిడ్డా అని. వాడు అయోమయంగా చూశాడు. “మా ఇంట్ల అప్పుడు టీవీ లేకుండె కద టీచర్” అన్నాడు. ఆ ముక్క తెలుసుకోవడానికి అప్పట్లో ఒక్కసారి వాళ్లింటికి వెళ్తే సరిపోయేది.

తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి రాయడానికి ఇప్పుడు వాడు ఫీజు కట్టాడు. ఆదివారం సాయంత్రం షెడ్డు మూసేశాక మా ఇంటికొస్తాడు. నేను వీడియో పెడతా, ఓ నిమిషం నడిపి ఆపేస్తా, వాడు చెప్తాడు. సైన్స్‌లో ఇబ్బంది లేదు. లెక్కల్లో భిన్నాల దగ్గర ఆగిపోతున్నాడు. స్పానర్ సైజుల మీద ఉండే భిన్నాలు మాత్రం తడుముకోకుండా చెప్తాడు. కాబట్టి వచ్చే ఆదివారం స్పానర్ల పెట్టె తెమ్మన్నా.